మీకు తెలుసా? ముందు మంచాలమ్మ, ఆ తర్వాతే రాయరు

మంత్రాలయంలో దర్శనానికి ఒక వరస ఉంది. తుంగభద్రలో స్నానం, ఆ తర్వాత మంచాలమ్మ గుడి, అటు తర్వాతే రాయరు అని భక్తులు పిలిచే రాఘవేంద్రస్వామి బృందావనం. తెలియక నేరుగా బృందావనం వైపు నడిచే కొత్తవాళ్లకు పక్కనున్నవాళ్లే చెబుతారు, ముందు అమ్మకు మొక్కి రండి అని. ఈ వరస ఎక్కడిదో తెలుసా?

మంత్రాలయం పాత పేరు మంచాల. ఆ ఊరి దేవత మంచాలమ్మ. 17వ శతాబ్దంలో ఈ ప్రాంతం బీజాపూరు సుల్తానుల ఏలుబడిలో ఉండేది. ఆదోనిలో వాళ్ల తరఫున అధికారం చేస్తున్న సిద్ది మసూద్ ఖాన్ ఏదైనా ఊరు మాన్యంగా కోరుకోమన్నాడట. మంచి పంటభూములన్నీ వదిలేసి స్వామి ఈ ఎండుభూమినే అడిగాడని మఠం సంప్రదాయం. కృతయుగంలో ప్రహ్లాదుడు యజ్ఞం చేసిన చోటు ఇదేనని, ఆ ప్రహ్లాదుడే తర్వాతి కాలంలో రాఘవేంద్రుడిగా పుట్టాడని నమ్మకం. మాన్యం చేతికొచ్చాక కూడా స్వామి ఊరి తల్లిని అనుమతి అడిగాడు. ఆమె సరేనంది, ఒక షరతు పెట్టింది: నీ దగ్గరికి వచ్చేవాళ్లు ముందు నన్ను చూడాలి. 1671లో స్వామి సజీవంగా బృందావన ప్రవేశం చేశాడు, అంటే సజీవ సమాధి పొందాడు. నాటి నుంచి ఆ షరతు నడుస్తూనే ఉంది.

ఈ కథను భక్తితో విన్నా, చరిత్ర విద్యార్థిలా విన్నా నాకు ఒక్క సంగతి గొప్పగా తోస్తుంది. మసూద్ ఖాన్ సనదు ఇచ్చాడు. కాగితం ప్రకారం పని అయిపోయింది. అయినా ఆ నేలకు అంతకుముందే ఒక పెద్దదిక్కు ఉందని, ఆమెను అడక్కుండా కాలు మోపకూడదని మనవాళ్లు అనుకున్నారు. సన్యాసి, పీఠాధిపతి, మహా పండితుడు కూడా ఊరమ్మ ముందు నిలబడి అడిగాడు. ఇంతకంటే చక్కని యాత్రా మర్యాద ఇంకెక్కడుంది?

కాగితాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, ఈ మఠం మాన్యం విషయం విచారించడానికి వచ్చి బృందావనంలోని స్వామితోనే మాట్లాడాడని చెప్పుకుంటారు. పక్కనున్నవాళ్లకు ఏమీ వినపడలేదట. ఆ కథ బళ్లారి జిల్లా గెజెటీర్‌లోకీ ఎక్కింది. బళ్లారి ఎందుకంటారా? మంత్రాలయం ఉన్న ఆదోని తాలూకా అప్పట్లో బళ్లారి జిల్లాలోదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఇటు కలిసింది.

ప్రహ్లాదుడి వెంట పోతే ఎక్కడ తేలతాం?

మంత్రాలయం చూసుకున్న బస్సులు చాలావరకు యాగంటి, మహానంది, అహోబిలం, శ్రీశైలం వైపు తిరుగుతాయి. ప్రహ్లాదుడి కథను పట్టుకుని పోతే దారి తిన్నగా అహోబిలానికే చేరుతుంది. హిరణ్యకశిపుణ్ని చీల్చిన చోటుగా చెప్పే ఉగ్రస్తంభం అక్కడే ఉంది. దిగువ అహోబిలంలో మూలస్వామి పేరే ప్రహ్లాదవరదుడు. అయితే నంద్యాల జిల్లాలోని ఈ నల్లమల కొండల్లోకి వచ్చాక కథలోకి కొత్త మనుషులు వస్తారు. వాళ్లు ఈ అడవుల్లోని గిరిజనులు, చెంచులు.

హిరణ్యకశిపుణ్ని చంపాక కోపం చల్లారని నరసింహుడు అడవిలో తిరుగుతూ ఒక చెంచు పిల్లను చూశాడు, మనసుపడ్డాడు, ఆమె పెట్టిన పరీక్షలన్నీ నెగ్గి పెళ్లాడాడు. చాలామందికి చెంచులక్ష్మి అంటే 1958లో వచ్చిన అక్కినేని, అంజలీదేవిల సినిమా గుర్తొస్తుంది. సినిమా కంటే ముందు గరుడాచల యక్షగానం ఉంది. దాన్ని చెంచు నాటకమని ఊరూరా ఆడారు. అహోబిల మఠం పీఠాధిపతుల్లో ఒకరు ఇదే ఇతివృత్తంతో సంస్కృతంలో వాసంతికా పరిణయమనే నాటకం రాశారు. అంటే అడవిపిల్ల పెళ్లి అటు వీధినాటకానికీ ఇటు పీఠానికీ సమ్మతమే.

ఈ పెళ్లితో చెంచులకు స్వామి దేవుడే కాదు, ఇంటి అల్లుడు కూడా అయ్యాడు. అల్లుడితో ఉండే చనువు ఎలాంటిదో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా! ఆ చనువు చూడాలంటే సంక్రాంతి పండగకు వెళ్లండి. కనుమ నాడు పార్వేట ఉత్సవం మొదలవుతుంది. అప్పుడు చెంచులు విల్లంబులతో వచ్చి స్వామి పల్లకీ వైపే బాణాలు వేస్తారు. మన గుళ్లలో దేవుడి మీదికి బాణం ఎక్కుపెట్టే హక్కు ఇంకెవరికుంది? ఆ తర్వాత జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకీలో దాదాపు నలభై రోజులు ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతారు. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి స్వామే ఇంటింటికీ వచ్చి పిలుస్తాడన్నమాట. ఈ ఊళ్లలో ఓబులేసు, ఓబులమ్మ, ఓబుల్‌రెడ్డి అనే పేర్లు అన్ని కులాల్లోనూ వినపడతాయి. అహోబిలేశుడే నోట్లో నలిగి ఓబులేసు అయ్యాడు.

నవనరసింహ క్షేత్రాల్లో పావన నరసింహుడి గుడి అడవిలో బాగా లోపలుంది. అది చెంచులకు మరీ దగ్గరి గుడి. కొండ కింది గుడిలో చక్రపొంగలి నైవేద్యం చూసి ఇక్కడికి వచ్చినవాళ్లు శనివారాల్లో జంతుబలి మొక్కులు చూసి ముఖం చిట్లించడం ఉంది. మనం వాళ్ల ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లాం. వాళ్ల వంట మీద తీర్పు చెప్పడానికి కాదు.

తాడు ఎవరు పట్టుకుంటారు?

చెంచులు లోయల అంచుల్లో, నిలువు బండల మీద పట్టిన తేనెతుట్టెల కోసం తాడు కట్టుకుని కిందికి దిగుతారు. కింద వందల అడుగుల లోతు. చుట్టూ ఈగలు, చేతిలో పొగ. పైన ఆ తాడు పట్టుకునేది ఎవరో తెలుసా? బావమరిది. సొంత అన్నదమ్ములు కాదు. ఆస్తి తగాదానో, పాత పగో మనసులో ఉంటే తాడు జారవచ్చు. అక్కచెల్లెళ్ల పసుపు కుంకుమలు కోరేవాడు మాత్రం జారనివ్వడు. మనుషుల లోపలి సంగతులు ఇంత బాగా తెలిసిన భద్రతా నియమం ఏ ఇంజినీరూ రాయలేడని నా అభిప్రాయం.

అహోబిలంలో స్వామితో చెంచులు కలుపుకున్న వరస కూడా ఈ పిల్లనిచ్చిన చుట్టరికమే. ప్రాణం అప్పగించదగిన బంధం అదేనని వాళ్ల లెక్క కాబోలు.

మల్లన్న కూడా అల్లుడే

శ్రీశైలంలోనూ ఇదే వరస. చెంచులకు మల్లికార్జునుడు చెంచు మల్లయ్య. ఆయనా వాళ్ల ఆడపిల్లనే చేసుకున్నాడు. సంక్రాంతి బ్రహ్మోత్సవాల్లో స్వామివారి కల్యాణానికి చెంచులను ఆహ్వానించడం, వాళ్లు అడవి పూలు, తేనె లాంటివి పట్టుకుని రావడం ఆచారం. ఆ ఊళ్లోనే చెంచులక్ష్మి పేరుతో గిరిజన మ్యూజియం కూడా ఉంది. దర్శనం క్యూలో గంటల తరబడి నిలబడే ఓపిక ఉన్నవాళ్లలో చాలామంది ఆ మ్యూజియం ముందు నుంచే బస్సెక్కి వెళ్లిపోతారు.

ఉగాదికి కన్నడ భక్తులు వేలాదిగా కాలినడకన శ్రీశైలం వస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచని అనుకుంటారు కాబట్టి చీర సారె తెస్తారు. రాయచూరు వైపు నుంచి వచ్చేవాళ్లలో మంత్రాలయం, ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు, ఆత్మకూరు చేరేవాళ్లుంటారు. అక్కడి నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాసద్వారం. రోడ్డు లేని కాలంలో ఇదే శ్రీశైలానికి పెద్ద దారి. ఇటు చెంచులు అల్లుడంటారు, అటు కన్నడిగులు ఆడపడుచంటారు. మల్లన్న, భ్రమరాంబల కాపురానికి ఇరువైపులా చుట్టాలే.

ఆ పాత దారుల్లో యాత్రికులకు తోడెవరు? నల్లమల కనుమల్లో దారి కాపలా చెంచుల బాధ్యతగా ఉండేదని, అందుకు వాళ్లకు ఊళ్ల నుంచి రుసుం ముట్టేదని 19వ శతాబ్దపు కర్నూలు జిల్లా రాతలు చెబుతాయి. ఆ దారిలో దోపిడీ జరిగితే జవాబు చెప్పాల్సిందీ వాళ్లే. ఇప్పుడు అదే అడవిలో పులుల అడుగుజాడలు చూసే పనిలో, అటవీశాఖ బేస్‌క్యాంపుల్లో కాపలాదారులుగా చెంచు యువకులున్నారు. జీతమిచ్చే దొర మారాడు, పని మారలేదు. 2022 గణనలో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులు తేలాయి. ఆ లెక్క వెనక వీళ్ల కాళ్లున్నాయి.

అశోకుడు అడవివాళ్లతో ఏమన్నాడు?

ఇది మంత్రాలయానికి దగ్గరి సంగతే, కర్నూలు జిల్లాలోదే. పత్తికొండ, గుత్తి మధ్య జొన్నగిరి దగ్గర ఎర్రగుడి అనే చోట బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1929లో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడి కంటపడ్డాయి. పద్నాలుగు పెద్ద శిలాశాసనాల వరస, దాంతోపాటు చిన్న శాసనాలు కూడా ఉన్న అరుదైన చోటు. కళింగ యుద్ధం గురించి బాధపడిన పదమూడో శాసనం అందరికీ తెలుసు. పుస్తకాల్లో ఎక్కువగా కనపడని భాగం ఒకటుంది. అందులోనే రాజు అడవుల్లో ఉండేవాళ్ల వైపు తిరిగి, నేను పశ్చాత్తాపపడ్డాను, ఓర్చుకోగలిగినంత ఓర్చుకుంటాను, అయినా నాకు బలం ఉంది, గుర్తుంచుకోండి అన్న అర్థంలో మాట్లాడతాడు. ఆంధ్రుల పేరు, అడవి జనమైన పుళిందుల పేరు పక్కపక్కన కనిపించేదీ ఆ శాసనంలోనే.

రెండువేల రెండువందల ఏళ్ల కిందటే అడవి జనానికి సర్కారు నోటీసు అంటించిందన్నమాట. మెత్తగా మొదలై గట్టిగా ముగిసే ఆ ధోరణి తర్వాతి ప్రభుత్వాలకూ బాగా నచ్చినట్టుంది.

యాగంటి పక్కన బూడిద

యాగంటిలో పెరిగే బసవన్న గురించి, అక్కడ వాలని కాకుల గురించి అందరూ చెబుతారు. అక్కడికి దగ్గర్లో బనగానపల్లె వైపున్న జ్వాలాపురం గురించి ఎవరూ చెప్పరు. దాదాపు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిసిన బూడిద ఇక్కడ పొరలుగా పడింది. ఆ పొరకు కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయని పురావస్తు బృందం 2007లో ప్రకటించింది. అంటే అంత ఉపద్రవానికి ముందూ మనుషులున్నారు, తర్వాతా ఉన్నారు. ఆ తెల్లటి బూడిదను కొన్నాళ్లు సబ్బుపొడి తయారీకి తవ్వి అమ్ముకున్నారు కూడా! ఆ పనిముట్లు వాడిన మనుషులు ఎవరి పూర్వీకులో చెప్పలేం. ఈ నేల మీద మొదటి అడుగు మనది కాదని మాత్రం ఖాయం.

నన్నారి గ్లాసులో అడవి

మంత్రాలయం బస్టాండులో, ఆదోనిలో, కర్నూలులో ఎండాకాలం నన్నారి తాగనివాడు రాయలసీమవాడే కాదు. నిమ్మరసం, సోడా, నన్నారి పాకం. ఆ పాకానికి వాసన తెచ్చే వేరు పొలంలో పండేది కాదు. నల్లమల, వెలిగొండ, శేషాచలం కొండల్లో వెతికి తవ్వి తేవాలి. తవ్వేది అడవి మనుషులు. గిరాకీ పెరిగిన కొద్దీ తీగను వేళ్లతో సహా పెరికేస్తే మళ్లీ మొలిచేదేముంటుంది? గ్లాసు ఇరవై రూపాయలైందని గొణిగేముందు ఆ వేరు కోసం ఎంత కొండ ఎక్కారో తలుచుకోండి.

తేనె, చింతపండు, కుంకుళ్లు, కరక్కాయలు, తపసి బంక, విస్తరాకులు లాంటి అటవీ ఫలసాయం కొనడానికి ప్రభుత్వం 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టింది. జీసీసీ అంటే అందరికీ తెలుస్తుంది. శ్రీశైలం రోడ్డు పక్కన సీసాల్లో అమ్మే ప్రతిదీ నల్లమల తేనె కాదు. కొంటే జీసీసీ దుకాణంలోనో, పెంటలో నేరుగా తీసినవాళ్ల దగ్గరో కొనండి. పెంట అంటే చెంచుల పల్లె. ఆ మాట విని నవ్వే పట్నంవాళ్లున్నారు, అందుకని చెబుతున్నా.

పులి ఇల్లా, మనిషి ఇల్లా?

నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. 1983లో అది పులుల ప్రాజెక్టులోకి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. అయినా ఆంధ్రప్రదేశ్ వైపు మిగిలిందే మూడువేల చదరపు కిలోమీటర్లు దాటింది, దేశంలోని పెద్ద పులుల అభయారణ్యాల్లో అదొకటి. చెంచుల పెంటలు ఈ అడవి లోపలే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో చెంచులు 64 వేల పైచిలుకు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం వాళ్ల నివాసానికీ, ఫలసాయానికీ హక్కు రాసింది. పులుల కోసమైనా సరే, గ్రామసభ ఒప్పుకోకుండా ఎవరినీ అడవి నుంచి కదిలించకూడదన్న నియమమూ అదే ఏడాది వచ్చింది. చట్టం ఉంది. అది కొండెక్కి పెంట దాకా చేరడానికి మాత్రం ఇంకా ఆయాసపడుతోంది.

చెంచుల జీవితాన్ని మొదట శ్రద్ధగా పుస్తకానికెక్కించింది ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్. ఆ పుస్తకం 1943లో అచ్చయింది. అంతకు చాలా ముందే, 1794లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ శ్రీశైలం వచ్చి గుడిని చూసి రాశాడు. ఆ రోజుల్లో ఈ కొండల్లో దారి చూపేది చెంచులే.

ఇక వెళ్లేవాళ్ల కోసం

తెలంగాణలో నాగర్‌కర్నూల్ జిల్లా సలేశ్వరం జాతర గురించి వినే ఉంటారు. చైత్ర పౌర్ణమికి కొన్ని రోజులే అడవి తలుపు తెరుస్తారు. లోయలోకి దిగి జలపాతం కింద లింగమయ్యను చూడాలి. అక్కడ పూజారులు చెంచులే. పోయేటప్పుడు 'వస్తున్నాం లింగమయ్యా' అని, తిరిగొచ్చేటప్పుడు 'పోయొస్తం లింగమయ్యా' అని అరుచుకుంటూ నడుస్తారు. ఇంటికొచ్చిన చుట్టం వచ్చానని, వెళ్తున్నానని చెప్పడమే కదా అది! మంచాలమ్మ దగ్గర ఆగడం లాంటిదే. అయితే లింగమయ్యకు చెప్పి వెళ్లినవాళ్లు వాటర్ ప్యాకెట్లు, ప్లాస్టిక్ సీసాలు మాత్రం అక్కడే వదిలి వెళ్తారు.

ఈ మర్యాద గొడవ ఇక్కడిదే కాదు. ఆస్ట్రేలియాలో ఉలూరు అనే ఎర్రటి మహాశిల ఉంది. 1985లో దాన్ని అక్కడి అనంగు ప్రజలకు తిరిగి అప్పగించారు. అది మాకు పవిత్రం, ఎక్కొద్దు అని వాళ్లు ఏళ్ల తరబడి బోర్డు పెట్టి వేడుకున్నారు. చివరికి 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం నిషేధమైంది. మన దేశంలోనే అండమాన్‌లో జారవా గిరిజనులను రోడ్డు పక్క వింతలా చూసి, తిండి ఆశపెట్టి నాట్యం చేయించిన వీడియో 2012లో బయటికొచ్చి దేశం తలదించుకుంది. వాళ్ల ఫొటో తీయడం అక్కడ శిక్ష పడే నేరం. చెంచుల విషయంలో అలాంటి చట్టం లేదు. అందుకని గుడిసె ముందు కూర్చున్న ముసలమ్మ ముఖంలో ఫోను పెట్టొచ్చని కాదు. అడిగి తీసుకోండి. వద్దంటే ఊరుకోండి. పిల్లలకు బిస్కెట్లు విసరకండి.

నల్లమలలో ఒక రాత్రి ఉండాలనుకుంటే ఆత్మకూరు–దోర్నాల దారిలో బైర్లూటి, నంద్యాల–గిద్దలూరు దారిలో పచ్చర్ల దగ్గర అటవీశాఖ క్యాంపులున్నాయి. స్థానిక చెంచులు అక్కడ పనిచేస్తారు. అడవిలోకి తీసుకెళ్లేటప్పుడు వాళ్లను మాట్లాడనివ్వండి, చెట్టుకో కథ చెబుతారు. శ్రీశైలం అడవిలోని ఇష్టకామేశ్వరి గుడికి సొంత కారులో పోలేరు, అటవీశాఖ అనుమతితో నడిచే జీపులే దిక్కు. పులులు జతకట్టే కాలమని జులై నుంచి సెప్టెంబరు దాకా అడవి లోపలి యాత్రలు ఆపేస్తారు. దోర్నాల–శ్రీశైలం ఘాటు రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేట్లు మూసి ఉంటాయి. గేటు దగ్గర ఉన్న మనిషితో 'ఈ ఒక్కసారికి వదలండి సార్' అని బేరమాడకండి. ఆ వేళ అడవి జంతువులది.